ఇంట హామ్ రేడియో: పెట్టెకంటె ముందు విద్యుత్తు

కిందటి వేసవిలో మా అన్నగారి కుమార్తె హామ్ రేడియో పరీక్షలో ఉత్తీర్ణురాలై, ప్రభుత్వమువారి యనుమతిపత్రమును చేతబట్టుకొని బందరులోని మా యింటికి వచ్చినది. వచ్చీ రాగానే “అత్తయ్యా! ఏ పెట్టె కొంటే మంచిదో చెప్పు” అని యడిగినది. నేను బదులు చెప్పులోపలనే, వంటయింటి గడపవద్ద కూర్చుండి చింతపండు గింజలు తీయుచున్న మా అమ్మగారు తలయెత్తి, “ఆడపిల్లకి కరెంటు పెట్టెలతో పనేమిటే? చెయ్యి కాలితే ఎవరు చేసుకుంటారు?” అనిరి.

ఒకరిది ఉత్సాహము, మరియొకరిది భయము. కాని యిద్దరును ఒకే విషయమును తెలియకుండిరి. పిల్ల పెట్టెనుగూర్చి యడిగినదే కాని దానికి ప్రాణమైన విద్యుత్తునుగూర్చి యడుగలేదు. అమ్మగారు విద్యుత్తునకు భయపడిరే కాని దేనికి భయపడవలెనో, దేనికి అక్కరలేదో యెరుగరు. ఆనాడు వారిరువురకును నేను చెప్పిన మాటలనే నేడు మన పాఠికలకొరకు వ్రాయుచున్నాను. హామ్ రేడియో పెట్టుకొనదలచిన స్త్రీలకే కాదు, ఇన్‌వర్టరును బ్యాటరీయును గల ప్రతి గృహిణికిని ఇందు కొంత పనికివచ్చును.

హామ్ రేడియో యనగా ధనాపేక్ష లేక, స్వయముగా నేర్చుకొనుటకును స్నేహమునకును ఆపత్కాలమున సాయమునకును వ్యక్తులు నడపుకొను నిస్తంత్రి స్టేషను. మన దేశమున 12 సంవత్సరములు నిండినవారెవరైనను పరీక్ష వ్రాసి దీనికి అనుమతి పొందవచ్చును. స్త్రీ పురుష భేదము లేదు. మన దేశపు హాములలో పెక్కుమంది పిలుపుపేర్లు ‘వి యు’ అను అక్షరములతో మొదలగును. ఈ విద్యయందు స్త్రీలను ‘వై ఎల్’ అని పిలుచుట ఆచారము. అమెరికాలో అట్టి స్త్రీలు 1939లోనే తమకొక సంఘమును స్థాపించుకొనిరి.

2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీని హిందూమహాసముద్రమున సునామి లేచినపుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అను సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ గారను మహిళ పోర్టుబ్లెయిరులో నుండిరి. అండమాను దీవులలో ఎన్నియో యేండ్లుగా హాములకు అనుమతి లేకుండెను. ఆ యనుమతిని పట్టుదలతో సంపాదించి, దేశదేశముల హాములతో మాటలాడుటకై వా రచ్చటికి వెళ్లిరి. భూమి కంపించి, సముద్రము పొంగి, టెలిఫోనులు మూగవోయిన తరువాత ఆ వేడుక సేవగా మారినది. ఎవరు బ్రదికియున్నారు, ఎవరికేమి కావలెను అను వార్తలు వారి రేడియో ద్వారమున తీరము దాటి బంధువులకు చేరెను.

ఈ కథను చెప్పినపుడు పిల్ల కన్నులు మెరసినవి. అప్పుడు నే నామెతో నిట్లంటిని: “అట్టి దినమున నీ పెట్టె పలుకవలెనన్నచో, ఆనాటికి నీ యింట విద్యుత్తు మిగిలియుండవలెను. ఆనాటికి నీవును మిగిలియుండవలెను. కావున పెట్టె సంగతి పిమ్మట. ముందు గోడవద్దకు రమ్ము.”

గోడలోని కరెంటు

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. చంపునది యిదియే. సాకెట్టునకు మూడు రంధ్రములుండును గదా! పై నున్న పెద్ద రంధ్రము ఎర్తు. పరికరము లోపల తీగ తెగి దాని లోహపుటొడలికి తగిలినచో, ఆ ప్రవాహము మన యొడలిగుండా పోక భూమిలోనికి పోవుటకు వేసిన దారి యిది. పెక్కు పాత యిండ్లలో ఆ రంధ్రముండునే కాని దాని వెనుక తీగ యుండదు. మా యింటను ఒక గదిలో అట్లే యుండెను. వైరింగు తెలిసిన మేస్త్రీని పిలిపించి చూపించునంతవరకు మాకు తెలియదు. హామ్ రేడియో పెట్టె లోహముతో చేసినది. దాని మోర్సు తాళము లోహము, ఏరియల్ తీగ లోహము. గంటలకొలది వీనిని చేత బట్టుకొని కూర్చుండు మనకు ఎర్తు లేని సాకెట్టు పనికిరాదు.

మూడు పుల్లల ప్లగ్గునకు పై పుల్లను ఊడదీసి రెండు రంధ్రముల సాకెట్టులో దూర్చుట కొందరికి వాడుక. ఆ యలవాటును నేడే మానుడు. పూర్వము కొందరు రేడియో ఎర్తును కుళాయి గొట్టమునకు కట్టెడివారు. నేటి గొట్టములు చాలవరకు ప్లాస్టిక్కువి. వానికి కట్టిన ఎర్తు ఎర్తే కాదు. గ్యాసు గొట్టమునకు ఎన్నడును కట్టరాదు. ఇంటి వెలుపల గొయ్యి త్రవ్వి, గొట్టమును గాని రాగిపలకను గాని పాతి, బొగ్గును ఉప్పును నింపి చేసిన ఎర్తుగుంట మన దేశమున చాలకాలముగా నున్న పద్ధతి. వేసవిలో మన్ను ఎండిన కొలదియు దాని శక్తి తగ్గును గనుక, తులసికోటకు నీరు పోసినపుడు ఆ గుంటకును ఒక చెంబెడు పోయుడు. ఏరియల్ కొరకు వేరుగా కడ్డీ పాతుకొన్నచో, దానిని ఇంటి ఎర్తుతో లావైన తీగచేత తప్పక కలుపవలెను. రెండు ఎర్తులు విడివిడిగా నున్నచో పిడుగు పడినపుడు వాని నడుమ మీ పెట్టె నలిగిపోవును.

రెండవ రక్షకుడు ఆర్.సి.సి.బి. అను స్విచి. ఇది మీటరు పెట్టెవద్ద నుండును. ఒక తీగ వెంట లోనికి వచ్చిన ప్రవాహము రెండవ తీగ వెంట అంతయు తిరిగి పోవుచున్నదా యని యిది యెల్లప్పుడు లెక్క చూచును. 30 మిల్లీఆంపియరుల లోటు కనబడినచో, ఆ లోటు ఎవరి యొడలిగుండానో భూమికి పోవుచున్నదని తలచి కన్ను మూసి తెరచులోపల కరెంటును ఆపివేయును. దానిపై ‘టి’ అను చిన్న మీట యుండును. నెలకొకసారి దానిని నొక్కి స్విచి పడుచున్నదో లేదో చూచుకొనుడు. ఫ్యూజును ఎమ్.సి.బి.యును వైరింగును కాపాడునవి. మనిషిని కాపాడునది ఆర్.సి.సి.బి. ఈ భేదము మరువరాదు.

ఇంట నెవరికైన షాకు తగిలినచో పరుగెత్తి వారిని పట్టుకొనకుడు. ముందు మెయిను కట్టివేయుడు. అది యెక్కడ నున్నదో ఇంటిల్లిపాదికి, పిల్లలకును తెలిసియుండవలెను. మెయిను అందనిచో ఎండిన కర్రతో తీగను తప్పింపుడు. ఊపిరి లేనిచో 108కి ఫోను చేయించి, ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషమునకు నూరు మొదలు నూటయిరువది మారులు గట్టిగా అదుముచుండుడు. సాయము వచ్చువరకు ఆపరాదు.

పదమూడు చిల్లర వోల్టులు

ఇక పెట్టె సంగతి. నేటి హామ్ రేడియోలు పెక్కు 13.8 వోల్టుల డి.సి. విద్యుత్తుతో నడచును. మోటారుకారులో ఇంజను తిరుగునపుడు బ్యాటరీవద్ద ఉండు వోల్టులు దాదాపుగా నివియే. నూరు వాట్టులు ప్రసారము చేయు పెట్టె మాటలాడునపుడు 20 మొదలు 22 ఆంపియరుల వరకు లాగును. వినునపుడు ఒకటి, ఒకటిన్నర ఆంపియరు చాలును. కావున 230 వోల్టులను 13.8 వోల్టులుగా మార్చు పవర్ సప్లై 30 ఆంపియరులది కొనుట మేలు. సరిగా 20 ఆంపియరులదే కొన్నచో అది యెల్లప్పుడు రొప్పుచు పనిచేయును.

పవర్ సప్లైలు రెండు విధములు. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు గలది బరువు, వేడి, ధర యెక్కువ. కాని రేడియోలో రొద పెట్టదు. ఎస్.ఎమ్.పి.ఎస్. అనునది తేలిక, చవుక. కాని నాసిరకమైనచో దాని లోపలి వేగపు స్విచింగు రేడియోలో గీ యని కూయును. రెండవది కొనువారు ముందుగా తెలిసిన హాము ఇంట దానిని నడిపి, విని కొనవలెను.

“బిల్లెంత వస్తుందే?” అని అమ్మగా రడిగిరి. ఇదియు న్యాయమైన ప్రశ్నయే. మాటలాడునపుడు గోడనుండి లాగునది సుమారు 400 వాట్టులు. మన మిక్సీకంటె నెక్కువ కాదు. గంటలో పది నిమిషములు మాటలాడి యేబది నిమిషములు విన్నచో పదియవవంతు యూనిట్టునకు మించదు. వేయి వాట్టుల ఇస్త్రీపెట్టె గంటకాలములో తినునది, ఈ పెట్టె పది గంటలలో తినును. ఈ లెక్క విన్న పిమ్మట అమ్మగారి ముఖమున కొంచెము ప్రసన్నత కానవచ్చినది.

తీగ లావు

చాలమంది క్రొత్తవారు పొరబడు చోటిది. 12 వోల్టులే గదా యని సన్నని తీగ వాడుదురు. వోల్టులు తక్కువైనపుడు ఆంపియరు లెక్కువ. ఆంపియరు లెక్కువైనపుడు తీగ లావుగా నుండవలెను. కాలువ వెడల్పు నీటినిబట్టి యుండవలెను గాని, నీరు ఎంత యెత్తునుండి పడుచున్నదను దానినిబట్టి కాదు.

ఒక లెక్క చూడుడు. బ్యాటరీనుండి పెట్టెకు మూడు మీటరుల దూరము. పోవుటకు మూడు, వచ్చుటకు మూడు, మొత్తమారు మీటరుల తీగ. దీపములకు వాడు 1.5 చదరపు మిల్లీమీటరుల రాగితీగ మీటరునకు సుమారు 12 మిల్లీఓముల యడ్డు చూపును. 20 ఆంపియరులు పోవునపుడు దారిలోనే 1.4 వోల్టులు నష్టమగును. నిండు బ్యాటరీ 12.6 వోల్టు లిచ్చినను పెట్టెకు చేరునది 11.2 మాత్రమే. పెక్కు పెట్టెలు 11.7కు దిగువ సరిగా పనిచేయవు. కావున బ్యాటరీ నిండుగా నున్నను పెట్టె మాటిమాటికి ఆరిపోవుచుండును. “పెట్టె చెడిపోయినది” అని మనము దుఃఖింతుము. నష్టమైన శక్తి యెక్కడికి పోయినది? ఆ తీగనే వేడిచేసినది. అది యొక చిన్న సోల్డరింగు కడ్డీ వేడి. పరుపుక్రిందనో, తెరవెనుకనో ఆ తీగ దూరియున్నచో దాని ఫలమేమో చెప్పనక్కరలేదు. అదే 6 చదరపు మిల్లీమీటరుల తీగయైనచో నష్టము 0.4 వోల్టు మాత్రమే.

బ్యాటరీ, బంగారు గాజు

నా కుడి మణికట్టుమీద సన్నని నల్లమచ్చ యొకటి కలదు. పిల్ల దానిని చూచి యెప్పుడో యడిగినది. నేను మాట దాటవేసితిని. ఈమారు చెప్పితిని.

నేను హామునైన క్రొత్తలో నొకనాడు కారు బ్యాటరీకి తీగలు బిగించుచుంటిని. చేతిలో స్పానరు, ఆ చేతికే బంగారు గాజు. స్పానరు ప్లస్సు మరమీద నుండగా, గాజు స్పానరునకు తగిలి, రెండవ ప్రక్కన మైనస్సు తీగ కొనను తాకినది. నాకు షాకు కొట్టలేదు. 12 వోల్టులు పొడిచర్మమునకు షాకు కొట్టవు. కాని బ్యాటరీలోనుండి వందలకొలది ఆంపియరులు ఆ గాజుగుండా ప్రవహించి, క్షణములో దానిని నిప్పుకణికగా మార్చినవి. గాజు తీయుటకు వీలు లేదు, చేయి విదల్చుటకు తప్ప మరియొకటి తోచలేదు. స్పానరు జారి క్రిందపడుటచే బ్రదికితిని. కాలినది చర్మము మాత్రమే. ఇంకను రెండు క్షణములైనచో నరములవరకు పోయెడిదని డాక్టరుగారు చెప్పిరి.

కావున సోదరీమణులారా, మొదటి నియమ మిది. బ్యాటరీని ముట్టుటకు ముందు గాజులు, ఉంగరములు, చేతిగడియారము తీసి దూరముగా పెట్టుడు. మెడలోని గొలుసును, మంగళసూత్రమును రవికెలోపలికి దోపుకొనుడు. వ్రేలాడు పైటకొంగును నడుమునకు చెక్కుకొనుడు. స్పానరు పిడికి ఇన్సులేషను టేపు చుట్టుడు. విప్పునపుడు మైనస్సు తీగను ముందు విప్పి, బిగించునపుడు దానినే చివర బిగింపుడు. ప్లస్సు మరకు ప్లాస్టిక్కు టోపీ తొడుగుడు. బ్యాటరీకి జానెడు దూరములోనే ఫ్యూజు నుంచుడు. పెట్టెవద్ద ఫ్యూజు పెట్టెను కాపాడును, బ్యాటరీవద్ద ఫ్యూజు ఇంటిని కాపాడును.

నీరు పోయు బ్యాటరీ చార్జగునపుడు హైడ్రోజను వాయువు పుట్టును. అది నిప్పురవ్వ తగిలినచో పేలును. కావున దానిని పూజగదిలో దీపమువద్దను, గ్యాసు పొయ్యివద్దను, గాలి లేని అలమరలోను ఉంచరాదు. వరండాలో నీడ పట్టున ఉంచుట మేలు. స్వేదజలము తప్ప కుళాయినీరు పోయరాదు. ఆమ్లము చేతిపై పడినచో వెంటనే ధారగా నీటితో కడుగుడు.

ఇప్పుడు తుపాను లెక్క. మన యిండ్లలో ఇన్‌వర్టరుకొరకు 150 ఆంపియర్‌అవరుల బ్యాటరీ తరచుగా నుండును. దానిలో సగమును మాత్రమే వాడినచో అది పెక్కేండ్లు మన్నును, అనగా 75. పనిలేక యున్నపుడు కొలచినచో 12.7 వోల్టులు నిండు, 12.2 సగము అని గుర్తు. నూరు వాట్టులతో గంటకు పది నిమిషములు మాటలాడి, తక్కిన కాలము వినుచుండిన గంటకు నాలుగు ఆంపియర్‌అవరులకు కొంచెము పైగా ఖర్చగును. అట్లు సుమారు 18 గంటలు నడచును. ఇరువదియైదు వాట్టులకు తగ్గించినచో 30 గంటలవరకు వచ్చును. శక్తి నాలుగవవంతైనంతమాత్రాన వినువారికి మాట నాలుగవవంతు కాదు. వారి మీటరుమీద సూది ఒక్క గీత మాత్రమే దిగును. పొదుపుగా సంసారము చేయుట మనకు క్రొత్త కాదు గదా! ఇన్‌వర్టరును నడిపి, దాని 230 వోల్టులను మరల 13.8గా మార్చుట దండుగ. దారిలో చాల నష్టము, పైగా రొద. ఇన్‌వర్టరును కట్టివేసి, 12 వోల్టుల బ్యాటరీకే ఫ్యూజుతో పెట్టెను కలుపుడు. కాని కొన్ని యిండ్లలో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులుగా నుండును. దానికి కలిపినచో పెట్టె కాలిపోవును. ముందు కొలచి చూడుడు.

మేడమీద నూరు వాట్టుల సౌరఫలక మొకటి యున్నచో, మంచి యెండలో దినమునకు సుమారు 25 ఆంపియర్‌అవరులు తిరిగి నిండును. నడుమ చార్జి కంట్రోలరు ఉండవలెను. లిథియం ఫాస్ఫేటు బ్యాటరీలు తేలిక, చిరకాలము మన్నును. వానికి తగిన చార్జరునే వాడవలెను.

ఏరియల్

ఏడు మెగాహెర్ట్జ్‌లకు ఏరియల్ తీగ సుమారు 20 మీటరుల పొడవు. మేడనుండి కొబ్బరిచెట్టునకు కట్టుట సులభము. కాని హాములను చంపిన ప్రమాదములలో ముఖ్యమైనది, నిలబెట్టుచున్న ఇనుపగొట్టమో తీగయో కరెంటు తీగలమీద పడుట. ఆ స్తంభము, ఆ తీగ ఎటు కూలినను కరెంటు తీగలకు మూడు మీటరుల దూరముననే పడునట్లు చోటు నెంచుకొనుడు. చోటు లేనిచో వేరొక చోటు చూడుడు, సాహసము వలదు.

ఏరియల్ తీగ చక్కగా బిగువుగా నుండును గనుక, పనిమనిషియో అత్తగారో దానిపై చీరలారవేయుట కలదు. నవ్వకుడు, మా యింట జరిగినది. ప్రసారసమయమున ఆ తీగ కొనలయందు వోల్టులు చాల హెచ్చు. తాకినచో చర్మము లోపలివరకు కాలును. కావున మనిషి చేతికందనంత యెత్తున కట్టుడు. మబ్బు పట్టకముందే ఏరియల్ ప్లగ్గును పెట్టెనుండి ఊడదీసి, తీగకొనను ఇంటివెలుపల నుంచుడు. కరెంటు ప్లగ్గునుకూడ లాగివేయుడు. ఉరుము వినబడిన తరువాత ఆ తీగను ముట్టరాదు.

చంపగల పెట్టె

శక్తిని హెచ్చించు వాల్వు యాంప్లిఫయరులు కొందరికి మోజు. వానిలో రెండువేలు, మూడువేల వోల్టు లుండును. స్విచి కట్టినను, ప్లగ్గు లాగినను, లోపలి కెపాసిటరులు ఆ విద్యుత్తును దాచుకొనియే యుండవచ్చును. అమెరికాలో రాస్ హల్ అను ఆస్ట్రేలియను, హాము పత్రికకు సహసంపాదకుడు, ఆ కాలపు మేధావులలో నొకడు. 1938లో తాను నిర్మించుకొనిన టెలివిజను యంత్రముయొక్క అధికవోల్టులు తగిలి మరణించెను. అంతటివానిని ఒక క్షణపు మరపు విడువలేదు. మొదటి మూడేండ్లు అట్టి యంత్రముల మూత తెరువకుండుటే మేలు. నేర్పరులైనవారు సైతము ఒక చేతినే వాడుదురు, రెండవ చేతిని జేబులో నుంచుకొందురు. ప్రవాహము ఒక చేతినుండి మరియొక చేతికి గుండెగుండా పోకుండుట కీ యుపాయము. చీర కట్టిన మనకు జేబు లేదు. ఎడమచేతిని వీపువెనుకకు పెట్టుకొందము.

ఇంటిలోని రొద

పెట్టె తెచ్చి పెట్టిన తరువాత దూరపు మాటలు వినబడక గరగర మాత్రమే వినబడినచో పెట్టెను నిందింపకుడు. దొంగ ఇంటిలోనే యుండును. పెట్టెను బ్యాటరీమీద నుంచి, ఇంటి మెయిను కట్టివేయుడు. రొద నిలిచినచో అది మీ యింటిదే. పిమ్మట ఒక్కొక్క స్విచి వేయుచు వినుడు. చవుక ఎల్.ఇ.డి. దీపము, ఫోను చార్జరు, ఫ్యాను రెగ్యులేటరు, ఇన్‌వర్టరు, వీనిలో నేదో యొకటి పట్టుబడును. దాని తీగను ఫెరైటు ఉంగరముచుట్టు ఏడెనిమిది చుట్లు చుట్టిన చాలవరకు శాంతించును.

దీప మారిన రాత్రి

వర్షాకాలము వెళ్లునాటికి పిల్ల స్టేషను సిద్ధమైనది. ఎర్తు వేయించినది, ఆర్.సి.సి.బి. పెట్టించినది, లావు తీగలు కొన్నది. అన్నిటికిని చివర, మిగిలిన డబ్బుతో పాతదైనను మంచిదైన పెట్టె కొన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినపుడు స్తంభములు కూలి దినములతరబడి కరెంటు లేకుండుట మాకు జ్ఞప్తియందున్నది. కావున ఒక సాయంకాలము పరీక్ష చేయవలెనని తలచితిమి. మెయిను కట్టువారెవరని నే నడుగగా, అమ్మగారే లేచి వెళ్లి మెయిను దించిరి.

ఇల్లంతయు చీకటి. ఫ్యాను తిరుగుట మానినది. బల్లమీద పెట్టెదీపము మాత్రము పచ్చగా వెలుగుచుండెను. పిల్ల తన పిలుపుపేరు చెప్పి పిలిచినది. రెండవమారు పిలిచినది. విశాఖనుండి ఒక పెద్దమనిషి కంఠము, “మీ మాట స్పష్టముగా వినబడుచున్నదమ్మా” అని పలికినది.

అమ్మగారు చాలసేపు మాటలాడలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు వారి అక్కగారి కుటుంబము ఆ ప్రాంతముననే యుండెను. ఎన్నో దినములవరకు ఏ వార్తయు లేకపోయెను. ఆ దినములనుగూర్చి వారు మాతో నెన్నడును చెప్పినవారు కారు. ఆ చీకటిలో మెల్లగా, “ఉన్నారో లేరో అన్న ఒక్క మాట అప్పుడు తెలిసి ఉంటే చాలునే” అనిరి.

పిల్ల మైకు క్రిందపెట్టి వారి చేయి పట్టుకొన్నది. కొంతసేపటికి అమ్మగారు కన్నులు తుడుచుకొని, “సరే, ఆ బ్యాటరీ తీగలు విప్పుతావేమో, ముందు గాజులు తీసి ముట్టుకో” అనిరి. భయము జ్ఞానముగా మారినదని నాకప్పుడు తెలిసినది.

సోదరీమణులారా! విద్యుత్తు అగ్నివంటిది. పొయ్యిలోని అగ్నిని మనము భయపడి ఆర్పివేయలేదు, దాని నెరిగి దానిచేత అన్నము వండించుకొంటిమి. దీనిని సైతము అట్లే యెరుగుదము. తీరప్రాంతపు ప్రతి యూరను ఒక్క స్త్రీయైన ఈ విద్య నేర్చి, ఎర్తు చక్కగా నున్న యింట, నిండిన బ్యాటరీతో కూర్చుండియున్నచో, రాబోవు తుపానునాడు ఎందరో తల్లులకు ఆ ‘ఒక్క మాట’ చేరును గాక!